పన్ను నొప్పితో రియో గ్రాండే ఒడ్డుకి

అమెరికా వెళ్లినవాళ్లు నయాగరా చూస్తారు, తెల్లమేడ ముందు నిలబడి ఫోటో దిగుతారు. నేను పన్ను పీకించుకోవడానికి మెక్సికో వెళ్లాను. నవ్వితే నవ్వండి, బాపట్లలో మావాళ్లందరూ ఇప్పటికే నవ్వేశారు.

2011 జనవరిలో నేను టెక్సాస్‌లో, ఆస్టిన్ ఊళ్లో, మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషిని. ఊరందరి నొప్పులూ చూశాను గానీ, నా దవడ పన్ను సలుపు మాత్రం తట్టుకోలేకపోయాను. అక్కడి డెంటిస్టు చెప్పిన ఖర్చు వినగానే పన్ను కంటే గుండె ఎక్కువ నొప్పెట్టింది. ఆ డబ్బుతో బాపట్ల వెళ్లి పీకించుకుని మళ్లీ విమానమెక్కి రావచ్చు. విజిటర్ ఇన్సూరెన్సులో పళ్లు లేవుట. ముసలివాళ్లకి పళ్లుండవని వాళ్ల ఉద్దేశం కాబోలు.

ఉపాయం పాట్‌లక్‌లో, అంటే తలా ఒక వంటకం తెచ్చుకుని తినే విందులో, దొరికింది. గుత్తివంకాయ కూర తెచ్చిన ఒకావిడ నా చెవిలో ఊదింది. టెక్సాస్ అంచున నది మీద వంతెన ఉంది, నడిచి దాటితే మెక్సికో, వీధినిండా పళ్ల డాక్టర్లే, ఖర్చు పదో వంతు, అమెరికా వీసా ఉంటే వాళ్ల వీసా కూడా అక్కర్లేదు అని. మా మరిది ఒప్పుకోలేదు. అక్కడ ముఠాలు కాల్చుకుంటున్నాయి వదినా, న్యూస్ చూడట్లేదా అన్నాడు. రాత్రంతా మేలుకుని దవడ పట్టుకున్నది నేను. ఎద్దు పుండు కాకికేం తెలుసు? చివరికి మా చెల్లెలి కూతురు సిరి కారు తీసింది. ఇరవై రెండేళ్ల పిల్ల, ఆస్టిన్‌లోనే పుట్టింది, హైస్కూల్లో స్పానిష్ చదివింది. "పెద్దమ్మా, నేను డ్రైవ్ చేస్తా. టూ నైట్స్ అంతే," అని వాళ్ల నాన్న నోరు మూయించింది.

శాన్ ఆంటోనియో

దారిలో మొదటి మజిలీ అలమో కోట. కోటంటే కోట కాదు, మన చర్చిల కంటే చిన్న పాత రాతి చర్చి. చుట్టూ టోపీలు తీసి చేత్తో పట్టుకుని నడిచే జనం. నాలుగో తరగతిలో బడివాళ్లు తమనందరినీ ఇక్కడికి తెచ్చారని సిరి చెప్పింది. కొద్దిమంది వీరులు పెద్ద మెక్సికన్ సైన్యంతో పోరాడి చచ్చిపోయారట, టెక్సాస్ పిల్లలందరికీ ఈ కథ కంఠతా వచ్చట.

అప్పటికి ఈ ఊరు ఎవరిదే అని అడిగాను. మెక్సికోది అంది. మరి వాళ్ల ఊళ్లోకి వాళ్ల సైన్యం వస్తే అది దండయాత్ర ఎలా అవుతుందన్నాను. తనని స్కూల్లో ఎవరూ అలా అడగలేదంది సిరి. నాకు మాత్రం తెలుసా ఏమిటి? మేం చదువుకున్న పుస్తకంలో అమెరికా అంటే కొలంబస్, లింకన్, అంతే. మధ్యలో ఇంకో దేశం ఉండేదని ఏ మాస్టారూ చెప్పలేదు.

మధ్యాహ్నం ఒక హోటల్లో మొక్కజొన్న రొట్టెలు, చిక్కుడు గింజల ముద్ద తిన్నాం. వాళ్ల పచ్చిమిరపకాయ పచ్చడి నా పంటి మీద పడింది. ఏడుపొక్కటే తక్కువ.

తుమ్మచెట్ల దారి

శాన్ ఆంటోనియో దాటాక గంటలకొద్దీ తుమ్మచెట్లే. దగ్గరికెళ్లి చూస్తే, మన చెరువు గట్లనిండా అల్లుకున్న సర్కారు తుమ్మకి అక్కచెల్లెళ్లు. అది ఈ వైపు నుంచే మన దేశానికి వచ్చిందట. పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదని మనం తిట్టుకునే చెట్టుతో ఇక్కడ మాంసం కాల్చి, ఆ వాసనకి డబ్బు తీసుకుంటున్నారు.

అవతలి రోడ్డు మీద ఉత్తరానికి పోయే బళ్లన్నిటినీ పెద్ద షెడ్డు కింద ఆపుతున్నారు. కుక్క ఒకటి కారు కారుకీ వాసన చూస్తోంది. సరిహద్దు ఇంకా చాలా దూరం ఉందిగా అన్నాను. సరిహద్దు దాటి ఇంత దూరం వచ్చినవాళ్లని కూడా పట్టుకోవడానికట. మన దగ్గర దొంగ కలప కోసం పెట్టే చెక్‌పోస్టు ఇక్కడ మనుషుల కోసం పెట్టారు.

ఎల్వా ఇల్లు

మేం దిగింది ప్రోగ్రెసో అనే చిన్న ఊళ్లో. అంతా నారింజ తోటలు. ఎల్వా అనే ఆవిడ చలికాలంలో రెండు గదులు అద్దెకిస్తుంది. పళ్ల వైద్యం కోసం, ఎండ కోసం ఉత్తరాది నుంచి దిగే తెల్ల ముసలివాళ్లే ఆవిడ బేరం. యాభై రెండేళ్ల మనిషి, పొట్టిగా, చలాకీగా ఉంటుంది, బడి వంటశాలలో పనిచేస్తుంది. అద్దె మాట్లాడ్డం కంటే ముందే ఇంత పెద్ద గ్లాసుతో ఎర్రటి షర్బత్ ఇచ్చింది. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాను. గోంగూర. మన గోంగూర కాయల ఎర్రటి తొనలు నానబెట్టి, పంచదార కలిపి తాగుతున్నారు. గుంటూరు జిల్లాలో పుట్టి ఇన్నేళ్లొచ్చి, ఆ తొనలు పారేస్తూ బతికామన్నమాట.

దానికే ఆశ్చర్యపోతే, వెనక గదిలో చూసిందానికి ఏమనాలి? అక్కడ ఎల్వా కూతురు మరిసోల్ పడుకుని ఉంది. పురుడొచ్చి రెండు వారాలు కూడా కాలేదు. తలకి గుడ్డ, కాళ్లకి మేజోళ్లు, పొట్టకి బిగించి నడికట్టు. చన్నీళ్లు ముట్టకూడదు, గాలి తగలకూడదు, నలభై రోజులు గడప దాటకూడదు, కోడి చారు తాగాలి. అచ్చం మన బాలింతే. ముప్పై ఏళ్లలో ఎంతమంది బాలింతలకి నడికట్టు కట్టానో నాకే లెక్క తెలియదు. సముద్రాల అవతల ఇంకో మనిషి సరిగ్గా అక్కడే, అదే ముడి వేసి కట్టింది.

పసివాడు ముద్దుగా ఉన్నాడు. చేతులు కడుక్కోలేదని వెనక్కి కట్టుకుని, దూరం నుంచే చక్కగా ఉన్నాడమ్మా అన్నాను. ఎల్వా మొహం మారిపోయింది. మెచ్చుకున్నవాళ్లు బిడ్డని తాకాలిట, తాకకుండా పోతే దిష్టి తగులుతుందట. వాడి మణికట్టుకి అందుకే ఎర్ర దారంలో ఒక గింజ కట్టారు. పరుగెత్తి చేతులు కడుక్కొచ్చి వాడి నుదురు నిమిరాను. అప్పుడుగానీ ఆవిడ ఊపిరి పీల్చుకోలేదు.

వంటింట్లో

సాయంత్రం ఎల్వా నాగజెముడు కూర చేసింది. మనం చేలగట్టు మీద కంచెగా నాటే ముళ్లమొక్కే. ముళ్లు గీకి, ముక్కలు కోసి, ఉల్లిపాయలతో వేయించింది. బెండకాయలా జిగురుగా ఉంది. నంజుకోవడానికి తెచ్చుకున్న ఆవకాయ ఇస్తే, ఆవిడ రొట్టెలో చుట్టుకుని తిని ఇంకొంచెం పెట్టమంది.

తింటూ అడిగాను, నోరూరుకోదుగా. కూతురికి పురుడొస్తే మీ అమ్మగారు రాలేదా అని. అమ్మ వంతెన అవతల ఉంది, మంచంలో ఉంది అంది. ఎంత దూరమన్నాను. నడిస్తే ముప్పావుగంట. మరి మీరు వెళ్లి చూసి రాలేదా అంటే, చేతులు తువ్వాలుకి తుడుచుకుని, "రెండేళ్లు కావస్తోంది, చూడలేదు," అంది.

తర్వాత ఆవిడ చెప్పింది వింటూ చెయ్యి కడగడం మర్చిపోయాను. నా ఇంగ్లీషు ఆసుపత్రి ఇంగ్లీషు, తెలియని చోట సిరి అందుకుంది.

మెక్సికోని మూడొందల ఏళ్లు స్పెయిన్ రాజులు ఏలారు. ఎల్వా పూర్వీకులకి నదికి ఎగువన రాజుగారిచ్చిన భూమి ఉండేది. పశువులు నీళ్లకి పోవడానికి వీలుగా ఒడ్డు నుంచి లోపలికి పొడుగాటి పట్టీలుగా కొలిచి ఇచ్చారట. చుట్టాలు అటూ ఇటూ, నది మధ్యలో. తర్వాత మెక్సికోకి స్వతంత్రం వచ్చింది. పాతికేళ్లు తిరిగేసరికి అమెరికా సైన్యం దిగింది, యుద్ధమైంది, మెక్సికోలో సగం దేశం అమెరికా పాలైంది. ఆ సగం మాటకి నేను సిరి వైపు చూశాను. ఫోన్లో వెతికి, అవును పెద్దమ్మా, కాలిఫోర్నియా కూడా అంది. నది కాస్తా సరిహద్దయింది. ఎల్వా వాళ్లు ఇల్లు కదలకుండానే పరాయి దేశంలో తెల్లారారు. భూములు మీవే అని ఒప్పందంలో రాశారు. కానీ కోర్టులు ఇంగ్లీషులో, పన్నులు ఇంగ్లీషులో, లాయర్ల ఫీజు భూమి రూపంలో. రెండు తరాల్లో పట్టీ మొత్తం పోయింది. కంపెనీవాళ్లు మనకి చేసింది తలచుకుని ఈ వరస నాకు తెలిసిందే అనుకున్నాను. తర్వాతది తెలియదు.

1915 ప్రాంతంలో ఈ చుట్టుపక్కల మెక్సికన్లని విచారణ లేకుండా చెట్లకి ఉరితీశారట, కాల్చి చేలల్లో వదిలేశారట. చేసినవాళ్లలో పోలీసులూ ఉన్నారట. 1930ల్లో పనులు దొరకని కరువు రోజులొస్తే, మీ దేశం పొండని రైళ్లెక్కించి పంపించారు. ఎల్వా తాత టెక్సాస్‌లోనే పుట్టినవాడు. అతన్ని కూడా ఎక్కించారు. రెండో ప్రపంచ యుద్ధమొచ్చి పొలాల్లో మనుషులు చాలకపోయేసరికి రమ్మని పిలిచారు. అలా తిరిగొచ్చిన కుటుంబంలో ఎల్వా తల్లి పత్తి ఏరింది, టమాటాలు కోసింది. టెక్సాస్‌లోనే ఒక మంత్రసాని చేతి మీద ఎల్వాని కన్నది. బళ్లో స్పానిష్ మాట్లాడితే ఎల్వా అరచేతుల మీద బెత్తం పడేది.

"టెక్సాస్‌లోనే చదివాను పెద్దమ్మా, ఇందులో ఒక్క ముక్క కూడా నాకు చెప్పలేదు," అంది సిరి.

మొగుడు పోయాక ఎల్వా తల్లి తన చెల్లెలికి తోడుగా వంతెన అవతలికి మకాం మార్చింది. ఎల్వా ప్రతి ఆదివారం డ్రైవింగ్ లైసెన్సు చూపించి వెళ్లొచ్చేది. 2009లో రూలు మారింది. తిరిగి రావాలంటే పాస్‌పోర్టు కావాలన్నారు. అప్లై చేసింది. ఇవ్వలేదు. ఎందుకంటే ఆవిడ ఆసుపత్రిలో పుట్టలేదు.

ఆ ముక్క వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. మంత్రసాని చేతిలో పుట్టడం నేరమా? నేనూ మంత్రసాని చేతిలోనే పుట్టాను. నా పుట్టినరోజు బళ్లో చేర్చుకున్న హెడ్‌మాస్టరుగారు పెట్టింది. ఆ తారీఖుతోనే ఉద్యోగం చేశాను, పెన్షన్ తీసుకుంటున్నాను, దాన్ని చూసే అమెరికావాళ్లు నాకు పదేళ్ల వీసా ఇచ్చారు. ఇదంతా గడగడా అనేశాక ఎల్వా అసలు సంగతి చెప్పింది. ఇక్కడి మంత్రసానుల్లో కొందరు డబ్బు తీసుకుని, అవతల పుట్టిన పిల్లల్ని ఇవతల పుట్టినట్టు రాయించారట. దొరికిపోయి ఒప్పుకున్నారట. ఎల్వాకి పురుడు పోసినావిడ వాళ్లలో ఒకతి. అందుకని ఆవిడ చేతి మీద పుట్టిన ప్రతివాళ్లూ అనుమానమే. బర్త్ సర్టిఫికెట్ ఉంది, బళ్లో పేరుంది, ఓటు ఉంది. చాలవట.

పాడు ముండ, ఎంతమంది కొంప ముంచింది అన్నాను. సిరి దాన్ని ఎలా అనువదించిందో తెలియదు గానీ, ఎల్వా తల అడ్డంగా ఊపింది. నన్ను మొదట ఎత్తుకుంది ఆవిడే, తిట్టకండి అంది.

కేసు నడుస్తోంది. ఆ పురిటిగదిలో ఉన్నవాళ్లలో మిగిలింది తల్లి ఒక్కతే. ఆవిడ చేత వాంగ్మూలం రాయించి ఇస్తే, తల్లులు ఏమైనా చెబుతారని పక్కన పెట్టారట. విచారణకి స్వయంగా వచ్చి చెప్పాలి. ఆవిడ లేచి కూర్చోలేదు. లాయరు మాత్రం ఒక్కటే మాట చెప్పాడు, కేసు తేలేదాకా వంతెన దాటొద్దు, దాటితే తిరిగి రావడం నా చేతిలో లేదు అని. ఇక్కడ చూస్తే మరిసోల్ బాలింత, అల్లుడు సముద్రం మీద చమురు బావి పనిలో ఉన్నాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు.

వంతెన అవతల

పొద్దున్నే ఎల్వా ఒక డబ్బాలో కోడి చారు పోసి ఇచ్చి, పన్ను పని అయ్యాక అమ్మకి ఇచ్చి ఒకసారి చూసి రమ్మని అడిగింది. మీరు నర్సు కదా అంది.

వంతెన దగ్గర చిల్లర నాణేలు వేసి, తిరిగే గేటు తోసుకుంటూ వెళ్లడమే. అటు వెళ్లేవాళ్లని ఎవరూ ఏమీ అడగరు. కింద రియో గ్రాండే. ఇన్ని యుద్ధాలు చూసిన నది ఎంత ఉంటుందో అనుకున్నాను. కృష్ణ కాలవ కంటే కాస్త వెడల్పు.

అవతల వీధి తిరనాళ్లలా ఉంది. మందుల షాపులు, పళ్ల డాక్టర్లు, చింతపండులో కారం కలిపిన మిఠాయిలు. తెల్ల ముసలివాళ్లు సంచులతో బీపీ మాత్రలు కొంటున్నారు. నా పన్ను తీసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. హస్తవాసి మంచిది. ఆస్టిన్‌లో నలుగురం భోజనం చేస్తే అయ్యేంత పుచ్చుకుంది. నోరు సగం మొద్దుబారిపోయి, మూతి వంకరతో బయటికొచ్చాను. సిరి ఫోటో తీయబోతే చెయ్యి విసిరాను.

రెండు వీధుల వెనక ఎల్వా తల్లి ఇల్లు. చెల్లెలు పోయి ఏడాదైంది, ఇప్పుడు పక్కింటావిడ చూస్తోంది. గదిలో అడుగుపెట్టగానే ఆ ఊపిరి విన్నాను. నాలుగు ఆడి, ఆగి, మళ్లీ ఆడుతోంది. పాదాలు చల్లగా ఉన్నాయి, మోకాళ్ల మీద నల్లటి మచ్చలు తేలాయి. కాన్పుల వార్డుకి రాకముందు మగాళ్ల వార్డులో, ఆడాళ్ల వార్డులో కూడా చేశాను. ఆ ఊపిరి నాకు తెలుసు. చారు డబ్బా గట్టు మీద పెట్టేశాను. అది ఇక దిగదు.

నేను చెయ్యి పట్టుకోగానే ఆవిడ కళ్లు తెరిచి నా మొహంలోకి చూసి, ఎల్వా అంది. కాదని చెప్పాలన్నా నాలుక కదలదు. ఏ నర్సూ చేయని పని చేశాను, పేషెంటు ముందు ఏడ్చాను.

తిరుగుదారిలో ఆఫీసరు కుర్రాడు నా పాస్‌పోర్టు తిప్పి, ఏం పని మీద వెళ్లారన్నాడు. వాచిన బుగ్గ చూపించాను. నవ్వి, "వెల్‌కమ్ బ్యాక్, మ్యామ్," అన్నాడు. నాకు. ఆ దేశంలో నాదన్న సెంటు భూమి లేదు, ఆ నేల మీద నావాళ్ల బొమిక ఒక్కటి లేదు. నాకు వెల్‌కమ్ బ్యాక్. సిగ్గుతో చచ్చినంత పనైంది.

చెప్పాలా, వద్దా

కారెక్కగానే సిరి ఇంజిన్ ఆన్ చేయలేదు. "చెప్పకు పెద్దమ్మా. చెప్తే ఆంటీ వెళ్తుంది. వెళ్తే రాలేదు. బేబీ ఉంది, మరిసోల్ ఉంది. మనం రేపు వెళ్లిపోతాం, ప్రైస్ పే చేసేది ఆవిడ," అంది.

ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేం లేదు. చారు ఇచ్చాను, నిద్రపోతున్నారు, బాగానే ఉన్నారు అంటే సరిపోతుంది. ఆసుపత్రిలో అలాంటివి ఎన్ని అనలేదు? దారి పొడుగునా ఆ వాక్యం నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను.

ఎల్వా గుమ్మంలోనే నిలబడి ఉంది. డబ్బా ఏదని అడగలేదు. "మీరు చాలామందిని చూసుంటారు. ఎంతసేపు?" అంది.

మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొస్తే అది పట్టాలంటారు. వంకర మూతితోనే చెప్పాను. "ఈ రాత్రి గడవదేమో అమ్మా. మీ పేరే పిలిచారు."

ఆవిడ ఏడవలేదు. లోపలికెళ్లి మనవణ్ణి ఎత్తుకుని కాసేపు మెడ దగ్గర వాసన పీల్చింది. మరిసోల్ నడికట్టు విప్పి మళ్లీ గట్టిగా కట్టి, పొయ్యి మీద ఏముందో, ఎన్నాళ్లు ఏం తినకూడదో చెప్పింది. మరిసోల్ మాత్రం తల్లి జాకెట్ పట్టుకుని వదల్లేదు. వెళ్లొద్దని అనలేదు, వెళ్లమనీ అనలేదు. ఎల్వా ఆ వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుంది. లాయరుకి ఫోన్ చేద్దామా అంది సిరి. ఆయన ఏం చెబుతాడో నాకు తెలుసు అంది ఎల్వా.

పొద్దుగూకేలోపు వంతెన దగ్గర దించాం. చిల్లర వేసి, తోసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. అవతల చివర ఆవిడ పరుగెత్తడం కనిపించింది. సిరి స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఒక మనిషి ఇల్లు, ఉద్యోగం, బిడ్డ ఇవతల వదిలేసి పోవడానికి నా నోటి మాట చాలింది.

ఆస్టిన్

ఆ రాత్రి మరిసోల్ దగ్గరే కూర్చున్నాను. మర్నాడు తుమ్మచెట్ల షెడ్డు కింద మా కారు ఆపారు, నా పాస్‌పోర్టు చూశారు, పొమ్మన్నారు. రెండు వారాలకి ఎల్వా ఫోన్ చేసింది. తల్లిని మట్టి చేశాక తిరిగి రాబోతే వంతెన మీద ఆపారట. బర్త్ సర్టిఫికెట్ లాక్కుని, చాలాసేపు ప్రశ్నలు వేసి వెనక్కి పంపారట. ఇప్పుడు అమ్మ ఇంట్లోనే ఉంటోంది. బడి ఉద్యోగం పోయింది. లాయరు కేసు వదలనంటున్నాడు.

నేను చెప్పకుండా ఉండాల్సిందమ్మా అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. తను వెళ్లేసరికి అమ్మకి తెలివుందట, తెల్లవారేదాకా ఉందట.

"నన్ను గుర్తుపట్టింది. తల నిమిరి, నేను పుట్టిన రోజు సంగతి చెప్పింది. వాన పడుతోందట, మంత్రసాని లాంతరు పట్టుకొచ్చిందట, టమాటా తోట పక్కన ఇల్లట. అంతా చెప్పింది," అంది ఎల్వా. "నేను ఎక్కడ పుట్టానో చూసిన మనిషి ఇంకెవరూ లేరు. అది విన్నది నేనొక్కదాన్నే."